పుంజా, పెట్టా, ఏ జాతి? సంకర కోడిపిల్లలు కొనేముందు ఏ గుర్తును ఎంతవరకు నమ్మాలి

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకుందామని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మొదటి దెబ్బ పిల్లలు కొనే దగ్గరే తగులుతుంది. గంపలో యాభై పిల్లలు కిచకిచలాడుతుంటాయి. "అన్నీ పెట్టలేనండి, ఐదో నెలకల్లా గుడ్డు పెడతాయి" అంటాడు అమ్మేవాడు. "ఇవి వనరాజా, అవి నాటు, ఆ నల్లవి కడక్‌నాథ్" అని కూడా చెప్తాడు. మూడు నెలలు మేపాక అందులో సగం కూత మొదలుపెడతాయి. నల్లవాటికి ఎర్రటి జుట్టు వచ్చి, అవి మామూలు నల్ల కోళ్లేనని తేలుతుంది. అమ్మేవాళ్లంతా కావాలని అబద్ధమాడతారని నేను అనను. సంకర పిల్లల విషయంలో చాలామందికి నిజంగానే తెలియదు, తెలియదని ఒప్పుకోవడం బేరానికి మంచిది కాదు కాబట్టి ఏదో ఒకటి చెప్పేస్తారు.

శుద్ధమైన జాతి పిల్లకి ఫలానా రంగు, ఫలానా కాళ్లు అని లెక్క ఉంటుంది. సంకర పిల్లకి ఆ లెక్క పనిచేయదు. ఒకదానికి పనికొచ్చే గుర్తు ఇంకోదానికి పనికిరాదు, రెండో వారంలో ఏమీ చెప్పని గుర్తు పన్నెండో వారంలో ఖాయంగా చెప్తుంది. అందుకని గుర్తులు నేర్చుకోవడం కంటే ముందు, మీకు ఏ వయసు పిల్ల సరిపోతుందో తేల్చుకుంటే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

పుంజు వస్తే మీకు ఎంత నష్టం? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. ఊళ్లో పెరడు ఉండి, పండక్కి కోసుకునే ఇంట్లో పుంజు వచ్చినా ఎవరూ బాధపడరు. పెట్ట కంటే త్వరగా బరువుకొస్తుంది. అదే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డాబా మీద నాలుగు కోళ్లు పెట్టుకున్నవాళ్లకి ఒక్క పుంజు చాలు, తెల్లవారుజామున పక్కింటి వాళ్లతో మాట పడటానికి. గుడ్ల కోసమే పెంచేవాళ్లకైతే పుంజు తిన్న మేతంతా దండగ. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, పిల్లలు తీయాలంటేనే కావాలి.

తల్లిదండ్రులు తెలుసా? తండ్రి ఏది, తల్లి ఏది అని ఖాయంగా చెప్పగలిగితే కొన్ని సంకరాల్లో పుట్టిన రోజే ఆడ మగ తేలిపోతుంది. తెలియకపోతే ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా ఊహించాల్సిందే.

బ్రూడింగ్, అంటే తల్లి లేని పిల్లల్ని వేడి పెట్టి సాకడం, మీరు చేయగలరా? ఒక రోజు పిల్ల చవక. కానీ మొదటి నాలుగైదు వారాలు బల్బు వేడి, స్టార్టర్ మేత (చిన్న పిల్లలకి మొదట్లో పెట్టేది), టీకాలు చూసుకోవాలి. కొక్కెర తెగులు టీకా తప్పిందంటే పుంజులూ పెట్టలూ అన్న తేడా లేకుండా పోతాయి. ఇది చేతకాకపోతే చవక పిల్ల చివరికి ఖరీదు పిల్ల అవుతుంది.

జాతి పేరు కావాలా, జాతి గుణం కావాలా? "నాకు అసీల్ కావాలి" (పందెం కోళ్ల జాతి ఇది) అనేవాళ్లలో చాలామందికి నిజానికి కావాల్సింది గట్టి మాంసం, రోగాన్ని తట్టుకునే శక్తి. అవి మంచి సంకరంలోనూ దొరుకుతాయి. పిల్లలు తీసి వంశం నిలబెట్టుకోవాలనుకునేవాళ్లకి మాత్రం పేరు ముఖ్యం.

## ఒక రోజు పిల్ల: మూడు దారులు

మొదటిది మలద్వారం తెరిచి చూడటం. 1920ల్లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టిన పద్ధతి ఇది. అప్పుడే పుట్టిన పిల్ల మలద్వారాన్ని వేళ్లతో మెల్లగా తెరిస్తే, మగపిల్లకి లోపల ఆవగింజ కంటే చిన్న బొడిపె కనిపిస్తుంది. ఆరితేరినవాళ్లు గంటకి వెయ్యికి అటూ ఇటూ పిల్లల్ని వేరుచేస్తారు, నూటికి రెండు మూడు కూడా తప్పు పోవు. జాతి ఏదైనా, సంకరం ఏదైనా పనిచేయడం దీని గొప్పతనం. అయితే కొన్ని ఆడపిల్లలకి కూడా బొడిపె ఉంటుంది, కొన్ని మగపిల్లల్లో అది అణిగి ఉంటుంది. ఆ తేడా పట్టడానికి నెలల తరబడి శిక్షణ కావాలి. వీడియో చూసి ఇంట్లో ప్రయత్నించొద్దని గట్టిగా చెప్తున్నాను. కొంచెం ఎక్కువ నొక్కితే పిల్ల పేగులు దెబ్బతిని చచ్చిపోతుంది. ఇది హేచరీవాళ్ల (యంత్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేవాళ్ల) పని, మన పని కాదు.

రెండోది రెక్క చూడటం. చూడటం చాలా సులువు, అందుకే దీని మీద అపార్థాలు కూడా ఎక్కువ. పిల్లని ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేత్తో ఒక రెక్కని విసనకర్రలా విప్పండి. అంచున పుట్టుకొస్తున్న ఈకలు రెండు వరసల్లో కనిపిస్తాయి. కింది వరసవి ఎగరడానికి పనికొచ్చే పెద్ద ఈకలు, పై వరసవి వాటిని కప్పే చిన్న ఈకలు. పెద్ద ఈకలు స్పష్టంగా పొడుగ్గా ఉండి, వరసలు ఎగుడుదిగుడుగా కనిపిస్తే ఆడపిల్ల. రెండు వరసలూ సమానంగా ఉన్నా, పై వరసే పొడుగ్గా ఉన్నా మగపిల్ల. ఇది పుట్టిన మొదటి రోజు, మహా అయితే రెండో రోజు వరకే. తర్వాత అన్ని పిల్లలకీ ఈకలు పెరిగిపోయి తేడా చెరిగిపోతుంది.

అసలు షరతు ఇంకోటి ఉంది. తండ్రి ఈకలు త్వరగా వచ్చే వంశం, తల్లి ఈకలు ఆలస్యంగా వచ్చే వంశం అయితేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. పెద్ద కంపెనీలు కొన్ని లేయర్ (గుడ్ల కోడి), బ్రాయిలర్ (మాంసం కోడి) రకాల్లో ఇలాంటి జతల్ని కావాలనే కట్టి పెట్టుకుంటాయి. మన ఊరి పెట్ట కింద పొదిగిన పిల్లల్లో ఆ ఏర్పాటు ఉండదు. అక్కడ రెక్క చూసి "ఇది పెట్ట" అన్నా, కళ్లు మూసుకుని అన్నా ఒకటే.

మూడోది నూగు రంగు. దీని వెనక ఉన్న లెక్క తెలిస్తే ఎక్కడ నమ్మాలో, ఎక్కడ వద్దో మీకే అర్థమవుతుంది. పుంజుకి రెండు జెడ్ క్రోమోజోములు ఉంటాయి. పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. తల్లి తన ఒక్క జెడ్‌నీ కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకి డబ్ల్యూ ఇస్తుంది. కొన్ని రంగుల జన్యువులు ఈ జెడ్ మీదే కూర్చుని ఉంటాయి. అలాంటి రంగు తల్లిలో ఉంటే అది కొడుకులకే దిగుతుంది, కూతుళ్లు తండ్రి రంగు తెచ్చుకుంటారు.

రోడ్ ఐలాండ్ రెడ్ పుంజుని అడ్డచారల ప్లిమత్ రాక్ పెట్టతో జత కలిపితే పిల్లలన్నీ నల్లగానే పుడతాయి. నడినెత్తిన తెల్లమచ్చ ఉన్నవి మగవి, మచ్చ లేకుండా తల అంతా నల్లగా ఉన్నవి ఆడవి. బంగారు రంగు జన్యువున్న పుంజునీ, వెండి రంగు జన్యువున్న పెట్టనీ కలిపితే ఆడపిల్లలు ఎర్రగోధుమ రంగులో, మగపిల్లలు లేత పసుపులో పుడతాయి. గోధుమ రంగు గుడ్లు పెట్టే కమర్షియల్ లేయర్లలో చాలా రకాలు ఈ పద్ధతిలో తీసినవే.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, జత తిరగబడితే లెక్క పోతుంది. చారల పుంజుని ఎర్ర పెట్ట మీదికి వదిలితే పిల్లలన్నిటికీ మచ్చ వస్తుంది, ఏమీ తేలదు. రెండు, అలా పుట్టిన పిల్లల్ని పెంచి వాటిలో వాటికే జత కలిపితే తర్వాతి తరంలో ఈ గుర్తు పనిచేయదు. "మచ్చ ఉంది కాబట్టి మగది" అని ఎవరైనా అంటే, దాని తల్లిదండ్రులు ఏవని అడగండి. జవాబు లేకపోతే ఆ మచ్చకి విలువ లేదు.

వీధుల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే పిల్లల గురించి ఇక్కడే చెప్పాలి. అవి చాలావరకు లేయర్ హేచరీల్లో వేరుచేసేసిన మగపిల్లలు. గుడ్లు పెట్టవు, బ్రాయిలర్‌లా మాంసమూ పట్టవు కాబట్టి కంపెనీకి అక్కర్లేనివి. తల్లి వేడి లేకుండా, రంగునీళ్లలో ముంచి, ఎండలో తిప్పుతారు. పిల్లలు ముచ్చటపడ్డారని కొంటే వారం తిరక్కుండానే చాలా ఇళ్లలో ఏడుపే మిగులుతుంది. గుడ్ల కోసమైతే అసలే కొనొద్దు. జర్మనీ 2022 జనవరి నుంచి లేయర్ మగపిల్లల్ని చంపడాన్ని నిషేధించింది. అక్కడ గుడ్డులో ఉండగానే ఆడ మగ తేల్చే యంత్రాలు హేచరీల్లోకి వచ్చాయి. మన దగ్గర ఇంకా రంగు బకెట్టే నడుస్తోంది.

## నాలుగు నుంచి ఎనిమిది వారాలు: అందరూ కొనేది, అందరూ పొరబడేది

సంతల్లో ఎక్కువగా దొరికేది ఈ వయసు పిల్లలే. గుర్తులు ఉంటాయి కానీ ఏ ఒక్కటీ ఒంటరిగా నమ్మదగ్గది కాదు. మూడు గుర్తులు ఒకే మాట చెప్తే తీసుకోండి.

తల మీద జుట్టు. ఒంటి రంపపు జుట్టు ఉన్న సంకరాల్లో ఐదారు వారాలకి మగపిల్ల జుట్టు గులాబీ నుంచి ఎరుపుకి తిరుగుతుంది, అడుగున వెడల్పుగా ఉంటుంది, ముక్కు కింద వేలాడే తోలు కూడా ఎరుపెక్కుతుంది. ఆడపిల్లకి అదే వయసులో పసుపుగా, పల్చగా ఉంటుంది. లెగ్‌హార్న్ (గుడ్లకి పేరుపడ్డ విదేశీ జాతి) రక్తం ఉన్నవాటిలో ఇది ఇంకా ముందే, మూడు నాలుగు వారాలకే కనిపిస్తుంది. అయితే లెగ్‌హార్న్ కలిసిన ఆడపిల్లలకి కూడా జుట్టు పెద్దదే వస్తుంది. దాన్ని నాటు పిల్లల గంపలో పెట్టి పోలిస్తే పుంజని పొరబడతారు. ఒకే తల్లి పిల్లల్లో, ఒకే వయసువాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ గుర్తుకి అర్థం.

అసీల్ రక్తం ఉంటే ఈ లెక్క సగానికి సగం పోతుంది. అసీల్‌కి జుట్టు బఠాణీల్లా మూడు చిన్న వరసల్లో, తలకి అతుక్కుని ఉంటుంది. ఒంటి జుట్టు కోడితో కలిపినా పిల్లలకి చాలావరకు ఈ అణిగిన జుట్టే దిగుతుంది. ఎనిమిది వారాలకి కూడా పుంజుపిల్ల జుట్టు చూడటానికి పెట్టలాగే ఉంటుంది. ఆంధ్రాలో నాటు పిల్లలు కొని "పెట్టనుకున్నాం, పుంజైంది" అనేవాళ్ల కథల్లో సగం ఇక్కడి నుంచే వస్తాయి. అలాంటి పిల్లల్లో జుట్టు సైజు వదిలేసి, మధ్య వరస వెడల్పు, దాని ఎరుపు చూడండి. కాళ్లు పట్టుకుని చూడండి. పుంజుపిల్ల కాలి ఎముక మీ బొటనవేలికి లావుగా, గుండ్రంగా తగులుతుంది.

ఈకలు వచ్చే తీరు. బరువు జాతుల సంకరాల్లో ఆడపిల్లకి వీపు, భుజాలు ముందు కప్పుకుంటాయి, చిన్న తోక కూడా త్వరగా వస్తుంది. మగపిల్ల అదే వయసులో వీపు బోడిగా, తోక మొండిగా తిరుగుతుంటుంది. తేలిక జాతుల్లో ఈ తేడా అంతగా కనిపించదు.

భుజం మీద రంగు. నాటు రంగుల పిల్లల్లో నాకు బాగా నమ్మకమైన గుర్తు ఇది. ఆరు వారాల దగ్గర్లో మగపిల్ల రెక్క పైభాగాన ఎర్రటివో ముదురు గోధుమవో మచ్చలు అక్కడక్కడా మొదలవుతాయి, రంగు అతుకులు వేసినట్టు ఉంటుంది. ఆడపిల్ల ఒళ్లంతా ఒకే నేతలా సమంగా ఉంటుంది. పూర్తిగా తెల్లవి, పూర్తిగా నల్లవి అయితే ఇది పనిచేయదు.

నడక, ధైర్యం, ఛాతీ ఛాతీ గుద్దుకోవడం లాంటివి చూసి చెప్పేవాళ్లూ ఉన్నారు. వీటిని నేను లెక్కలోకి తీసుకోను. అసీల్ కలిసిన ఆడపిల్లలు కూడా మూడో వారానికే కొట్టుకుంటాయి.

## పది నుంచి పద్నాలుగు వారాలు: ఇక్కడ అబద్ధం నిలవదు

పిల్లని చంకలో పెట్టుకుని, తోక మీ కళ్ల వైపు తిప్పండి. నడుం చివర, తోక మొదలయ్యే చోట ఈకల్ని వేళ్లతో ఎదురు దువ్వి చూడండి. పుంజు అయితే ఆ ఈకల మధ్యలో కొత్తగా వస్తున్నవి సన్నగా, పొడుగ్గా, కొస సూదిలా ఉంటాయి. వెలుతురులోకి తిప్పితే నిగనిగలాడతాయి, అంచు ఈక పీచులు విడివిడిగా ఉంటాయి. పెట్ట అయితే అదే చోట ఈక కొస గుండ్రంగా, బొటనవేలి గోరులా ఉంటుంది, మెరుపు తక్కువ. మెడ ఈకలు కూడా చూడొచ్చు కానీ కొన్ని పెట్టలకి మెడ ఈకలు కాస్త కోసుగా ఉంటాయి. నడుం ఈక మాత్రం మన దగ్గర దొరికే సంకరాల్లో మోసం చేయదు. పదో వారానికి ఒక్క ఈక కనిపించినా చాలు.

కూత ఎనిమిది పన్నెండు వారాల మధ్య మొదలవుతుంది. కానీ గుంపులో పెద్ద పుంజు ఉంటే కుర్ర పుంజులు నెలల తరబడి నోరెత్తవు. కూయలేదు కాబట్టి పెట్ట అనుకోవద్దు. కాలి ముల్లు చూసి చెప్పడం ఈ వయసులో తొందరే. అది ముదిరాక వచ్చే గుర్తు, కొన్ని పెట్టలకీ వస్తుంది.

ఇక పనికిరానివి. గుడ్డు కోసుగా ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట అన్న నమ్మకం చాలా ఊళ్లలో ఉంది. గుడ్డు ఆకారం పెట్ట శరీరాన్ని బట్టి వస్తుంది, లోపలి పిల్లని బట్టి రాదు. దారానికి ఉంగరం కట్టి ఊపడం, పిల్లని కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి తల ఎత్తుతుందా అని చూడటం, ఇవన్నీ బొమ్మా బొరుసే. వేలాడదీయడం వల్ల పిల్లకి బాధ తప్ప మీకు తెలిసేది ఏమీ ఉండదు.

| గుర్తు | ఎప్పుడు | ఏ సంకరాల్లో | నమ్మకం |
|---|---|---|---|
| మలద్వారం | మొదటి రోజు | అన్నిటిలో, శిక్షణ పొందినవాళ్లు మాత్రమే | చాలా ఎక్కువ |
| రెక్క ఈకలు | 1–2 రోజులు | అందుకోసమే జత కట్టిన వంశాల్లో | అక్కడ ఎక్కువ, మిగతాచోట సున్నా |
| నూగు రంగు, తల మచ్చ | మొదటి రోజు | తల్లిదండ్రులు ఖాయంగా తెలిసిన జతల్లో | అక్కడ ఎక్కువ |
| జుట్టు సైజు, ఎరుపు | 4–8 వారాలు | ఒంటి జుట్టు రకాల్లో | మధ్యస్థం |
| భుజం మచ్చలు | 5–8 వారాలు | రంగురంగుల నాటు సంకరాల్లో | బాగానే |
| నడుం ఈకలు | 10–14 వారాలు | దాదాపు అన్నిటిలో | ఖాయం |

ఈక పంపిస్తే డీఎన్ఏ పరీక్ష చేసి చెప్పే ల్యాబులు కూడా ఉన్నాయి, చిలకలు పెంచేవాళ్లు వాడతారు. కోడిపిల్లకి ఆ ఖర్చు దండగ, ఆ డబ్బుతో ఇంకొన్ని పిల్లలు వస్తాయి.

## జాతి మాటేమిటి?

సంకర పిల్లని చూసి "ఇది ఫలానా జాతి" అని ఎవరూ చెప్పలేరు. ఏ రక్తం కలిసి ఉందో మాత్రం కొన్ని గుర్తుల వల్ల ఊహించొచ్చు.

మన దగ్గర ఎక్కువ గందరగోళం రంగుల పేర్లతో వస్తుంది. డేగ, కాకి, సేతు, నెమలి, ఇవన్నీ ఈకల రంగును బట్టి పెట్టిన పేర్లు. ఎర్రటిది డేగ, నల్లటిది కాకి, తెల్లటిది సేతు. ఒకే తల్లి కింద ఒకే పొదుగులో డేగా కాకీ రెండూ పుట్టొచ్చు. అమ్మేవాడు "ఇది కాకి జాతి" అంటే నల్లగా ఉందని చెప్పినట్టే, అసీల్ అని రుజువైనట్టు కాదు. అసీల్ రక్తాన్ని పట్టించేవి అణిగిన బఠాణీ జుట్టు, పొడుగు మెడ, నిటారుగా నిలబడే తీరు, ఒంటికి అతుక్కున్న కురచ ఈకలు, పొడుగు కాళ్లు.

కడక్‌నాథ్‌ది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతం. దాని మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీని నలుపు ఈకల్లో కంటే చర్మంలో ఉంటుంది. పిల్ల నోరు తెరిచి నాలుక, అంగిలి చూడండి. రెక్క కింద ఈకలు తప్పించి చర్మం చూడండి. అక్కడంతా నల్లగానో ముదురు ఊదాగానో ఉండాలి. ఈకలు నల్లగా ఉండి నోరు గులాబీగా ఉంటే అది మామూలు నల్ల కోడి. సంకరం అయితే మధ్యరకంగా ఉంటుంది. ఇందులో ఒక విశేషం కూడా ఉంది. కడక్‌నాథ్ పుంజుని తెల్ల లేదా పసుపు కాళ్ల పెట్టతో కలిపితే చర్మం నలుపు ఎక్కువగా ఆడపిల్లలకే దిగుతుంది, మగపిల్లలు తేలిక రంగులో ఉంటారు. నలుపుని అణిచే జన్యువు కూడా ఆ జెడ్ క్రోమోజోము మీదే ఉంది మరి. ఒకే పొదుగులో కొన్ని నల్ల కాళ్లతో, కొన్ని తెల్ల కాళ్లతో తిరుగుతుంటే, నల్ల కాళ్లవి పెట్టలయ్యే అవకాశం ఎక్కువ.

మెడ బోడిగా ఉండి ముందువైపు చిన్న ఈకల కుచ్చు ఉంటే బోడిమెడ రకం ఒక వైపు నుంచి వచ్చిందని అర్థం, రెండు వైపుల నుంచీ వస్తే ఆ కుచ్చు కూడా దాదాపు ఉండదు. కాళ్ల మీద ఈకలు ఉంటే బ్రహ్మా, కొచ్చిన్, సిల్కీల్లో ఏదో ఒకటి. ఐదు వేళ్లుంటే సిల్కీని అనుమానించండి. తెల్లటి ఒంటి మీద అక్కడక్కడ నల్ల చుక్కలుంటే లెగ్‌హార్న్ రక్తం ఉండొచ్చు.

వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి మాత్రం వేరే కథ. ఇవి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసం తీసిన సంకరాలు. వనరాజా మాంసానికీ గుడ్లకీ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకి. పెరట్లో తిరిగి తినే పద్ధతిలో వనరాజా ఏడాదికి 100–110 గుడ్లు, శ్రీనిధి 140–150, గ్రామప్రియ 160–180 దాకా పెడతాయి. నాటు పెట్ట 50–60 పెడితే గొప్ప. వనరాజా రంగురంగుల్లో వస్తుంది కాబట్టి రంగు చూసి దాన్ని గుర్తుపట్టడం కుదరదు. తూకం మేలు. ఆరు వారాలకి మంచి మేత మీద వనరాజా పిల్ల 700 గ్రాములకి కాస్త అటూ ఇటూ తూగుతుంది, నాటు పిల్ల అందులో సగం తూగడమే కష్టం. కానీ మేత సరిగ్గా పెట్టని వనరాజా కూడా నాటులా తూగుతుంది, ఇది మర్చిపోవద్దు.

సోనాలి ఇంకోటి. బంగ్లాదేశ్‌లో రోడ్ ఐలాండ్ రెడ్ పుంజుని, ఈజిప్టు నుంచి వచ్చిన ఫయూమి పెట్టని కలిపి తీసిన రకం. చూడటానికి నాటులా ఉంటుంది కాబట్టి మన సంతల్లో కూడా నాటు పేరుతో కనిపిస్తుంటుంది. చెడ్డ కోడి కాదు. నాటు రేటు పెట్టి కొనడమే తప్పు.

జాతి తెలిసిందని సంబరపడి ఈ హేచరీ సంకరాల గుడ్లని పొదిగించి, అలాంటివే మళ్లీ వస్తాయని అనుకోవద్దు. రెండు వేరువేరు వంశాల్ని కలిపితే వచ్చిన బలం అది. వాటి పిల్లల్లో ఆ బలం చెదిరిపోతుంది, ఒకటి తల్లిలా, ఒకటి ఎందుకూ కొరగానిదిలా తేలుతుంది. మళ్లీ హేచరీ దగ్గరికే వెళ్లాలి.

## ఎవరికి ఏది

డాబా మీద, అపార్ట్‌మెంట్ పక్కన, నాలుగు పెట్టలు చాలనుకునేవాళ్లు: పన్నెండు వారాలు దాటిన పెట్టల్నే కొనండి. ధర ఎక్కువే. కానీ బ్రూడింగ్ బాధ లేదు, నడుం ఈక చూసి తీసుకుంటే పుంజు రాదు. రెండున్నర మూడు నెలల్లో గుడ్లు మొదలవుతాయి.

పెరడు ఉండి, గుడ్లూ మాంసమూ రెండూ కావాల్సినవాళ్లు: ఆడ మగ వేరుచేయని ఒక రోజు పిల్లలు, లేదా హేచరీ నుంచి తెచ్చి, బ్రూడింగ్ చేసి అమ్మే నాలుగైదు వారాల పిల్లలు బాగా సరిపోతాయి. ఎన్ని కొనాలన్న దానికి చిన్న లెక్క చెప్తాను. సగం సగం పుడతాయనుకుంటే, కనీసం నాలుగు పెట్టలు తేలాలని ఆరు పిల్లలు కొంటే అవకాశం మూడింట ఒక వంతే. ఎనిమిది కొంటే 64 శాతం. పది కొంటే 83 శాతం, పన్నెండు కొంటే 93 శాతం. ఒకటి రెండు చచ్చిపోతాయని కూడా అనుకోవాలి కాబట్టి, నాలుగు పెట్టలు కావాలంటే పన్నెండు పిల్లలు అన్నది నా సలహా. మిగిలిన పుంజులు నాలుగైదు నెలలకి కూరకో అమ్మకానికో వస్తాయి, మేత ఖర్చు చాలావరకు తిరిగొస్తుంది.

గుడ్లు అమ్ముకుందామనుకునే చిన్న రైతులు, స్వయం సహాయక సంఘాల అక్కలు: వేరుచేసిన ఆడపిల్లలు ఇచ్చే హేచరీ దగ్గరే కొనండి, రంగును బట్టి వేరుపడే గోధుమ గుడ్ల లేయర్లు అయితే మరీ మేలు. మీ కళ్లతోనే సరిచూసుకోవచ్చు. పిల్లకి పది రూపాయలు ఎక్కువైనా, పుంజు ఐదు నెలలు తినే మేతతో పోలిస్తే అది ఏ మూలకీ రాదు. వీటిని పెరట్లో వదిలేసి ఊరుకుంటే గుడ్లు రావు, లేయర్ మేత పెట్టాల్సిందే. మేత పెట్టలేమనుకుంటే గ్రామప్రియ వైపు వెళ్లండి.

అసీల్, కడక్‌నాథ్ వంశం నిలబెట్టుకోవాలనుకునేవాళ్లు: పిల్లని కొనకండి, ముందు తల్లిదండ్రుల్ని చూడండి. రెండింటినీ చూపించలేనివాళ్ల దగ్గర ఎంత తక్కువకి వచ్చినా వద్దు. ఓపిక ఉంటే నాలుగు నెలలు దాటినవాటినే తీసుకోండి, అప్పటికి దాచడానికి ఏమీ మిగలదు.

అమెరికాలో పెరడు కోళ్లు మొదలుపెట్టిన మనవాళ్లు: చాలా ఊళ్లలో పెట్టలకి అనుమతి ఉంటుంది, పుంజుకి ఉండదు. అక్కడి స్టోర్లలో వేరుచేయని పిల్లల తొట్టి చవగ్గా కనిపిస్తుంది, దాని జోలికి వెళ్లొద్దు. వేరుచేసిన ఆడపిల్లలకి కూడా హేచరీలు సాధారణంగా 90 శాతం వరకే హామీ ఇస్తాయి. రంగును బట్టి తేలే సెక్స్‌లింక్ సంకరాలు తీసుకుంటే ఆ మిగతా పది శాతం భయం కూడా చాలావరకు పోతుంది.

## అమ్మేవాళ్లని అడగాల్సినవి

గుడ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, పుంజు ఏది, పెట్ట ఏది అని అడగండి. ఎన్నో రోజు పిల్ల అని అడిగి, రెక్క ఈకలు చూసి సరిపోల్చుకోండి. ఒంటి నిండా ఈకలు వచ్చేసిన పిల్లని "రెండు వారాలదే" అంటే నమ్మొద్దు. కొక్కెర తెగులు, గంబోరో (పిల్లలకి వచ్చే ఇంకో వైరస్ జబ్బు) టీకాలు ఏ తేదీన వేశారో కాగితం మీద రాయించుకోండి. "పుంజు తేలితే మార్చి పెట్ట ఇస్తారా?" అని సూటిగా అడగండి. ఇస్తామంటే ఎన్ని వారాల్లోపో కూడా రాయించుకోండి. కనీసం పన్నెండు వారాలు లేకపోతే ఆ మాటకి విలువ లేదు, అంతకుముందు మీకు తేలదు కదా.

ఎంచుకునేటప్పుడు గుంపులో అన్నిటికంటే పెద్దదాన్ని, చురుకైనదాన్ని చేయి ముందు అదే పట్టుకుంటుంది. ఒకే వయసు పిల్లల్లో అన్నిటికంటే పెద్దవి, లావు కాళ్లవి ఎక్కువగా పుంజులే. పెట్టలు కావాలనుకుంటే మధ్య సైజులో, ఒళ్లంతా ఈకలు కప్పుకుని, కళ్లు మెరుస్తూ, ముడ్డి పొడిగా ఉన్నవాటిని ఏరుకోండి. కొన్న రోజే ప్రతి పిల్ల కాలికి ఒక్కో రంగు దారం వదులుగా కట్టి, ఏది ఏమనుకున్నారో రాసి పెట్టుకోండి. కాలు లావెక్కేకొద్దీ వారానికోసారి ఆ దారం విప్పి మళ్లీ కట్టాలి, లేకపోతే కోసుకుపోతుంది.